ఫిట్స్ లేనోడికి ఫిట్స్ బిళ్లలెందుకు? నడుం కింద చచ్చుబడినోళ్లు ఎవరన్నా వాడతాంటే చెప్పండి

పెన్నా_గట్టు
మా తమ్ముడు చింతకాయలు రాల్చబోయి చెట్టు మీది నుంచి పడినాడు. వెన్నుపూస విరిగింది, టీ12 (నడుముకు కాస్త పైనుండే పూస) అన్నారు. రాడ్లు వేసినారు. నడుం కింద కదలిక లేదు, గిల్లినా తెలీదు. కానీ పొద్దు గూకితే చాలు, అరికాళ్లు మండిపోతాండాయి, తొడల్లో కరెంటు కొడతాంది అని అరుస్తాడు. స్పర్శే లేని కాళ్లకు మంటేందో మాకు అర్థం కాల్యా.

డాక్టర్ ప్రిగాబాలిన్ 75 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాసినాడు. మందుల షాపాయన బిళ్లలు చేతికిస్తా “ఎవరికబ్బా ఫిట్స్?” అన్నాడు. ఆ మాట మా నాయన చెవిన పడింది. నడుం పోయింది చాలదని ఇప్పుడు ఫిట్స్ కూడానా అని ఇంట్లో ఒకటే రచ్చ. దానికి తోడు వీడు పగలంతా మత్తుగా తూగుతాండె. బిళ్లలే మనిషిని చంపుతాండాయని నాయన మొన్న ఒక్కసారే వాటిని ఆపించినాడు. అప్పట్నుంచి నిద్ర లేదు, చెమటలు, కడుపులో తిప్పుతాందంటాడు. మంట ఇంకా ఎక్కువైంది. ఫిట్స్ లేనోడికి ఈ బిళ్లలెందుకు? వాడితే లేని ఫిట్స్ వస్తాయా?

సేనిక్కాయ
ముందు ఆ షాపాయన నోటికి తాళమెయ్యాల. మా ఊర్లో ఒకడున్నాడు, గ్యాస్ బిళ్ల అడిగితే “గుండెకేమన్నా అయిందా” అంటాడు. దిగులుతో ఇంకో నాలుగు బిళ్లలు కొనుక్కొని వస్తాం.

వీల్‌చైర్_బాషా
పెన్నా_గట్టూ, చర్చ తర్వాత. ముందు ఆ రాసిన డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చెయ్. బిళ్లలు ఉన్నట్టుండి ఆపినామని చెప్పు. చెమటలు, నిద్ర పట్టకపోవడం, తిప్పడం, ఇవన్నీ ఆపినందుకే రావచ్చు. ఈ మందు మానాలన్నా కనీసం ఒక వారం పట్టేట్టు మెల్లగా తగ్గించుకుంటా రావాల. మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలో ఆయన్నే అడుగు, మీరే రెండూ ఒకేసారి వేసెయ్యొద్దు.

ఇంగ మంట సంగతి. నాది బేతంచెర్ల పక్కన నాపరాళ్ల గనిలో తగిలిన దెబ్బ. నాకూ పాదం మీద పామెక్కినా తెలీదు, రాత్రయితే అదే పాదం మండుతాది. కాలిలో ఏం లేదు సామీ, కాలు బాగానే ఉంది. తెగింది వెన్నుపాము. కింది నుంచి కబురు రాకపోయేసరికి పైనున్న నరాలు వాటంతటవే మెదడుకు తప్పుడు కబుర్లు పంపుతాంటాయి. వెన్నుపాము దెబ్బతిన్నోళ్లలో సగం మందికి ఈ బాధ ఉంటాది. మనోడు నాటకాలాడతాండాడని మాత్రం ఇంట్లో ఎవర్నీ అననీయొద్దు. మా చిన్నాయన నన్ను ఆ మాటన్నాడు, ఇప్పటికీ నేను ఆయనింటికి పోను.

మందుల_బీరువా
ప్రొద్దుటూరులో ఫార్మసిస్టును. షాపోళ్లందరినీ ఒక గాటన కట్టొద్దు సేనిక్కాయ గారూ 🙂

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, సగం నిజం. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ రెండూ ఫిట్స్ మందుల జాతే. గాబాపెంటిన్‌కు అమెరికాలో 1993లో ఫిట్స్ కోసమే అనుమతి వచ్చింది. తర్వాత నరాల నొప్పికి పనికొస్తుందని తేలింది. 2002లో ఒంటి మీద సర్పి లేచి తగ్గినాక మిగిలే నొప్పికి ఇచ్చారు. ప్రిగాబాలిన్‌కు 2012లో ప్రత్యేకంగా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల నరాల నొప్పికే అనుమతి ఉంది. అంటే మీ తమ్ముడికి రాసింది సరిగ్గా దేనికి రాయాలో దానికే.

పని చేసే తీరు: నరం చివర క్యాల్షియం లోపలికి పోయే దారులుంటాయి. వాటిలో ఆల్ఫా2డెల్టా అనే ముక్కను ఈ మందు పట్టుకుంటుంది. దాంతో ఆ నరం పక్క నరానికి వదిలే రసాయనాలు తగ్గుతాయి. ఫిట్స్‌లో మెదడులో అదుపు తప్పిన నరాలు, మీ తమ్ముడికి వెన్నుపాములో అదుపు తప్పిన నరాలు. రెండు చోట్లా చల్లబరిచే పనే. వాడినందుకు లేని ఫిట్స్ రావు. ఉన్నట్టుండి ఆపితే మాత్రం అరుదుగా రావచ్చు, అందుకే బాషా అన్న మెల్లగా మానాలన్నది.

ఆముదం_వైద్యం
ఇవన్నీ కంపెనీల మాయ. నేను కూడా నడుం దెబ్బతోనే ఉండా (కొంచెం నడుస్తా, కర్రతో). గాబాపెంటిన్ 300 మూడు పూటలా మింగితే బుర్ర మొద్దుబారి మా ఆవిడ పేరు కూడా వెతుక్కోవాల్సొచ్చె. ఒళ్లు పెరిగింది, పాదాలు వాచినాయి. మానేసినా. వేడి నీళ్ల కాపడం, నువ్వుల నూనె మర్దన, అంతే. హాయిగా ఉండా.

సేనిక్కాయ
ఆవిడ పేరు మర్చిపోవడం మందు వల్లేనని ఆవిడ నమ్మిందా అన్నా?

ఆముదం_వైద్యం
నమ్మలేదు 😄

గోరింటాకు
ఆముదం గారూ, కర్రతో నడుస్తున్నారంటే మీకు స్పర్శ ఉంది. స్పర్శ లేనివాళ్లకు దయచేసి కాపడం చెప్పకండి. మాది కడప. మా ఆయనకు తొడలో పోట్లని మా అత్త ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టింది. ఆమె చేతికి ఓర్చుకునే వేడే. ఈయనకు తెలియదు కదా, “ఇంకాసేపు ఉంచమ్మా” అన్నాడు. అలాగే పెట్టి ఆమె కునికింది. పొద్దునకు తొడ మీద అరచేయంత పొక్కు. అది పగిలి, చీము పట్టి, మానడానికి ఎండాకాలం మొత్తం పోయింది. మర్దన చేయండి, వేడి మాత్రం వద్దు. స్నానం నీళ్లు కూడా నేను మోచేత్తో చూసిన తర్వాతే పోస్తాను.

కేసీ_కెనాల్
గోరింటాకు చెప్పింది రాసి గోడకు అంటించాల. మా నాయనకు వేడి నీళ్ల సంచీతో ఇదే అయింది.

ఆముదం అన్న చెప్పిన వాపు, ఒళ్లు పెరగడం మాత్రం నిజమే, కొట్టిపారెయ్యొద్దు. మా నాయనకు ప్రిగాబాలిన్‌తో రెండు పాదాలూ వాచినాయి. అయితే ఒక్క కాలే వాచినా, వేడిగా ఎర్రగా ఉన్నా మందు అనుకోని కూర్చోవద్దు. కదలని కాళ్లల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదముంది, అదే రోజు చూపించాల.

పెన్నా_గట్టు
డాక్టర్‌కు చేసినా, ఎత్తల్యా. సాయంత్రం మళ్లీ చేస్తా. బాషా అన్నా, పగటి మత్తు సంగతి చెప్పు. మా నాయన భయం దాని గురించే. ఆ బిళ్లలు మింగేటప్పుడు నోరు తెరుచుకోని పడుండె, పిలిస్తే పలకకపోయె.

ఫిజియో_అనంత
అనంతపురంలో ఫిజియో చేస్తాను. పిలిస్తే పలకనంత మత్తంటే తేలిగ్గా తీసుకునేది కాదు. నొప్పికి ఇంకేమైనా వేస్తున్నారా? ట్రమడాల్ కానీ, నిద్రబిళ్ల కానీ?

పెన్నా_గట్టు
అవును, ఆపరేషన్ చేసిన చోట రాసిచ్చిన ట్రమడాల్ కూడా ఉంది. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఏసుకోమన్నారు. ప్రిగాబాలిన్ రాసింది వేరే డాక్టర్. ఆ చీటీ ఈయనకు, ఈ చీటీ ఆయనకు చూపియ్యల్యా.

మందుల_బీరువా
దొరికింది అసలు సంగతి. ప్రిగాబాలిన్, ట్రమడాల్ రెండూ కలిస్తే మత్తు పెరగడమే కాదు, ఊపిరి కూడా మందగించవచ్చు. 2019లో అమెరికా మందుల సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఇద్దరు డాక్టర్లు, రెండు చీటీలు, మధ్యలో మందు కూడా (తాగుడు) ఉంటే ఇక చెప్పక్కర్లేదు. రెండు చీటీలూ ఒకే డాక్టర్ ముందు పెట్టండి. కలిపి వాడే కేసులు ఉంటాయి, కానీ రెండూ ఉన్నాయని తెలిసి లెక్క కట్టి ఇవ్వాలి.

ఫిజియో_అనంత
మత్తుతో ఇంకో చిక్కుంది. కుర్చీలో కూర్చునేవాళ్లు పావుగంట, అరగంటకోసారి చేతుల మీద పైకి లేచి పిరుదుల మీది బరువు తీయాలి. మామూలు మనిషి నిద్రలో కూడా తనకు తెలియకుండానే మెసులుతాడు, వీళ్లకు ఆ కదలిక లేదు. మత్తులో ఉంటే లేవాలన్న ధ్యాసే ఉండదు. నా దగ్గరికొచ్చే పుండ్ల కేసుల్లో అడిగితే చాలాసార్లు “కొత్త బిళ్ల మొదలుపెట్టినాక” అని మొదలవుతుంది కథ. మందు పెంచిన రోజుల్లో సెల్‌లో అలారం పెట్టండి, రాత్రి రెండు గంటలకోసారి పక్క తిప్పండి. పొద్దున చిన్న అద్దం కింద పెట్టి నడుం కింద, మడమల మీద చర్మం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కండి. వేలు తీసినాక కూడా ఎరుపు అట్లే ఉందంటే ఆ వైపు బరువు పెట్టకూడదు.

చాలామందికి మొదటి వారం, రెండు వారాల మత్తు తర్వాత తగ్గుతుంది. తగ్గకపోతే రాత్రి మోతాదు ఎక్కువ, పగలు తక్కువగా మార్చమని అడగొచ్చు.

గుత్తి_జంక్షన్
పక్క చక్రాల స్కూటర్ నడిపేటోళ్లు కూడా జాగర్త. నాకు డోసు పెంచినాక చూపు మసక, తల తిరుగుడు. గుత్తి కోట ఒకటి కాదు రెండు కనపడె. కొన్నాళ్లు బండి పక్కన పెట్టినా.

బురుజుకాడ
నా డౌటు వేరే. నాకు మంట లేదు, కాళ్లు వాటంతటవే ఎగురుతాయి. మంచం మీద పడుకున్నానంటే మోకాళ్లు ముడుచుకోని బిగుసుకుంటాయి. పక్కింటోళ్లు ఇదే ఫిట్స్ అంటారు. నాకిచ్చింది బాక్లోఫెన్. అది కూడా ఫిట్స్ బిళ్లేనా?

వీల్‌చైర్_బాషా
కాదు. అది బిగుతు తగ్గించే బిళ్ల. కాళ్లు ఎగిరేది స్పాజమ్, నువ్వు తెలివిగానే ఉంటావు కదా, మెదడుకు సంబంధం లేదు. విచిత్రమేందంటే ఫిట్స్ బిళ్ల కాని ఆ బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపితే నిజంగానే ఫిట్స్, జ్వరం, లేనివి కనపడడం దాకా పోతాది. పండక్కి ఊరికి పోతా బిళ్లల డబ్బా మర్చిపోయి తిప్పలు పడినోళ్లు నాకు తెలుసు. ఒక స్ట్రిప్పు ఎప్పుడూ కుర్చీ సంచిలో పెట్టుకో.

ఇంకోటి. బిగుతంతా చెడ్డది కాదు. కొందరు ఆ బిగుతు మీదనే మంచం మీంచి కుర్చీలోకి దూకుతారు. మొత్తం వదులైపోతే ఆ పని కూడా చెడుతుంది. డాక్టర్‌కు అది చెప్పాల.

తుంగభద్ర_నీళ్లు
మా అమ్మది టీబీ. వెన్నుపూసకు టీబీ పట్టి కాళ్లు పోయినాయి. చెట్లు, గనులే కాదు, మన జిల్లాల్లో ఈ కేసులూ ఉన్నాయి, ఫ్లోరైడ్ నీళ్లకు వెన్ను బిగుసుకుపోయి కాళ్లు పోయినోళ్లూ ఉన్నారు. మొదట ఒకాయన కార్బమజిపిన్ అనే ఇంకో ఫిట్స్ మందు రాసినాడు. టీబీ మందుల్లోని ఐసోనియాజిడ్ దాన్ని ఒంట్లో పేరుకుపోయేట్టు చేస్తాదంట. అమ్మ తూలడం, వాంతులు. ఇంకో డాక్టర్ చూసి ప్రిగాబాలిన్‌కు మార్చినాడు. అది లివర్ జోలికి పోకుండా దాదాపు అట్లే కిడ్నీల గుండా బయటికి పోతాది కాబట్టి టీబీ మందులతో గొడవ తక్కువ అన్నాడు. అయితే అమ్మకు క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్లున్నాయో చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుంది. అందుకని డోసు సగానికి తగ్గించినాడు. వెన్నుపాము కేసుల్లో మూత్రం సరిగ్గా దిగక కిడ్నీలు దెబ్బతినేది మామూలే. ఆ టెస్టు చేయించకుండా డోసు పెంచనీయొద్దు.

మందుల_బీరువా
పైన తుంగభద్ర గారు చెప్పింది బంగారం లాంటి మాట. నా దగ్గరికి వచ్చే చీటీల్లో క్రియాటినిన్ ఎంతో ఎవరికీ తెలియదు.

గాబాపెంటిన్ వాడేవాళ్లకు చిన్న సంగతి: అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ సిరప్పులతో కలిపి తాగితే మందు ఒంటికి తక్కువ పడుతుంది. సిరప్ తాగి రెండు గంటలు ఆగి బిళ్ల వేసుకోండి. కారం దోశ తిని గ్యాస్ సిరప్ తాగేది మన సీమలో మామూలే కదా.

సేనిక్కాయ
కారం దోశ జోలికి రావొద్దు. మిగతాది ఏమన్నా చెప్పు.

కేసీ_కెనాల్
టోపిరమేట్ అని ఇంకో ఫిట్స్ మందు ఉంది. మా నాయనకు తలనొప్పికి రాసినారు. అది చెమట పట్టనీదు. మా నాయనకు దెబ్బ ఛాతీ దగ్గర, దాని కింద అసలే చెమట పట్టదు. పైగా కర్నూలు ఎండ, మే నెల, 43 డిగ్రీలు. ఒంట్లో వేడి దిగే దారే లేకపోయె. తడిగుడ్డలేసి, ఫ్యాను పెట్టి, చివరికి డాక్టర్‌కు చెప్తే మార్చినాడు. మూత్రంలో రాళ్లు కూడా పుట్టిస్తాదంట అది, మనోళ్లకు అసలే రాళ్ల బెడద. ఎండాకాలంలో కొత్త మందు రాస్తే ఇది చెమట ఆపుతాదా అని అడగండి.

నల్లమల_కుర్రోడు
అందరూ నొప్పి గురించే మాట్లాడుతున్నారు. ఈ గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ దెబ్బ తగిలిన కొత్తలోనే మొదలుపెడితే కదలిక కూడా ఎక్కువ తిరిగొస్తుందని చదివాను. 2017లో వచ్చిన పరిశోధన. పెన్నా_గట్టు గారి తమ్ముడిది కొత్త దెబ్బే కదా, డోసు ఎక్కువ వేస్తే నడుస్తాడేమో?

ఫిజియో_అనంత
ఆ పరిశోధన ఉంది. కానీ అది ఐరోపా ఆసుపత్రుల్లో చేరిన రోగుల రికార్డులు తిరగేసి చూసింది. మందు పడినవాళ్లకు కండరాల బలం స్కోరు కొంత మెరుగ్గా పెరిగిందని తేలింది. స్కోరు కొంచెం పెరగడం వేరు, లేచి నడవడం వేరు. లాటరీ తీసినట్టు సగం మందికి మందు, సగం మందికి ఉత్త బిళ్ల ఇచ్చి పోల్చింది కాదది. దాన్ని పట్టుకొని డోసు పెంచితే నడక రాదు, పుండ్లు వస్తాయి. దయచేసి ఆ ఆశ ఆ ఇంట్లో పెట్టకు తమ్ముడూ. వాళ్ల నాయన రేపు “ఎక్కువ వేయండి” అని మొదలుపెడతాడు.

నల్లమల_కుర్రోడు
సరే అన్నా. అడిగితే తప్పేముంది అనుకున్నా.

వీల్‌చైర్_బాషా
తప్పేం లేదు అబ్బీ. మేమందరం మొదటి సంవత్సరం అట్లాంటివే చదివినాం.

రాచవీడు
ఒక్క మాట. బైకు మీంచి పడినోళ్లకు తలకూ వెన్నుకూ రెండింటికీ దెబ్బ తగిలుంటాది. మా బావమరిదికి అట్లే. ఆయనకిచ్చిన లెవటిరాసిటమ్ నిజంగానే ఫిట్స్ రాకుండా ఇచ్చింది. ఈ చర్చ చదివి “ఓహో నొప్పికిచ్చిన బిళ్లేలే” అనుకోని ఎవరూ దాన్ని ఆపొద్దు. ఏ బిళ్ల దేనికో చీటీ వెనకాల తెలుగులో రాయించుకోండి. అడిగితే రాస్తారు, మేం రాయించుకున్నాం.

గోరింటాకు
చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్తున్నాను. మందు డోసు మారినాక మా ఆయన మాట్లాడటం తగ్గించాడు. టీవీ వద్దు, పిల్లలు వద్దు. “నేనుండి ఏం లాభం” అన్నాడొకరోజు. నేను దాచకుండా డాక్టర్‌కు చెప్పాను. నడుం పోయిన దిగులా, మందు వల్లా అనేది ఆయన కూడా తేల్చి చెప్పలేదు, కానీ మందు మార్చాడు, మానసిక వైద్యుడి దగ్గరికీ పంపాడు. ఇప్పుడు బాగున్నారు. పెన్నా_గట్టూ, తమ్ముడు ఊరికే ఉంటే మత్తనుకోకుండా పక్కన కూర్చుని అడుగు.

మందుల_బీరువా
దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చన్న హెచ్చరిక ఫిట్స్ మందులన్నింటికీ 2008 నుంచి ఉంది. గోరింటాకు గారు చేసింది సరైన పని.

బురుజుకాడ
పెన్నా_గట్టూ, మూత్రం ఎట్లుంది? మబ్బుగా, వాసనగా ఉందా? నాకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడల్లా కాళ్లు ఎగరడం రెట్టింపవుతాది. మలబద్ధకమైనా అంతే. మంట ఉన్నట్టుండి పెరిగిందంటే బిళ్లలొక్కటే కారణం కాకపోవచ్చు.

పెన్నా_గట్టు
డాక్టర్ దొరికినాడు. అందరికీ చెప్తాండా. రెండు చీటీలు చూసి ముందు ట్రమడాల్ ఆపడమెట్లో చెప్పినాడు, అది కూడా ఒక్కసారి కాదు. ప్రిగాబాలిన్ ప్రస్తుతానికి రాత్రి ఒక్కటే, తర్వాత చూసి పొద్దునది. కిడ్నీ టెస్టు బాగుంది. బురుజుకాడ అన్న అనుమానం నిజమే, మూత్రంలో ఇన్ఫెక్షన్. దానికి మందు పడినాక మంట కొంచెం దిగింది. పూర్తిగా పోదు, పదిలో ఎనిమిదున్నది నాలుగుకొస్తే గెలిచినట్టే అన్నాడు. నాయన ఎదురుగానే ఫిట్స్ లేవని గట్టిగా చెప్పినాడు. నాయన ఇప్పుడు టైముకు ఆయనే బిళ్ల ఇస్తాండాడు, నేనిస్తే నమ్మడు.

ఒక అనుమానం. సదరం క్యాంపులో (వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చేకాడ) ఈ ఫిట్స్ బిళ్ల చీటీ చూసి ఏమన్నా కిరికిరి పెడతారా?

తుంగభద్ర_నీళ్లు
పెట్టరు. అక్కడ చూసేది కాళ్ల బలం, స్పర్శ, స్కానింగు, డిశ్చార్జి కాగితం. బిళ్లలు కాదు. పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనోళ్లకు నెలకు 15,000 పింఛను ఉంది, మామూలు వికలాంగుల పింఛను 6,000. ఏది రాస్తాండారో అక్కడే నిలబడి అడుగు, తర్వాత మార్పించడం కష్టం.

గుత్తి_జంక్షన్
వీలైతే వెల్లూరు సీఎంసీ పునరావాస కేంద్రానికి ఒకసారి తీసకపో. 1954లో ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, తర్వాత కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టించింది, 1966 నుంచి ఉంది. బిళ్లలతో పాటు మూత్రం సంగతి, కుర్చీలోకి దూకేది, వంట, బండి, అన్నీ నేర్పుతారు. కాట్పాడిలో దిగాల.

పెన్నా_గట్టు
రైల్లో అంత సేపు కూర్చోగలడా? ఇప్పటికైతే గంట కంటే ఎక్కువ కూర్చోల్యాడు.

ఫిజియో_అనంత
పడుకునే బెర్తు చేయించండి, కింద బెర్తు. గాలి పరుపు మడతపెట్టి తీసుకుపోండి. ఈలోగా కూర్చునే టైము రోజూ కొంచెం కొంచెం పెంచండి, చర్మం చూసుకుంటూ.

సేనిక్కాయ
గాలి పరుపంటే గుర్తొచ్చె. మా పెదనాయనది మోటారుతో సహా ఊరికే పడుంది, ఎర్రగుంట్లలో. కావాల్నంటే వచ్చి తీసకపో. దుడ్లేం వద్దు. కారం దోశ తినిపిచ్చు చాలు.

పెన్నా_గట్టు
ఆదివారం వస్తా అన్నా. ఇంటి గుర్తు మెసేజ్ పెట్టు.

ఆముదం_వైద్యం
మోటారు ఆన్ చేసి ఒక రాత్రంతా చూసుకో తీసకపోయే ముందు. పాతవి గాలి దిగిపోతాంటాయి.